వంకర అద్దం – తిన్నని దారం

కిందటి సంవత్సరం మా మిత్రులం నలుగురం కలిసి ఒక సాహసానికి పూనుకున్నాం. కాలేజీ వార్షికోత్సవంలో చూపించడానికి భీమిలి చరిత్ర మీద ఏడు నిమిషాల చిత్రం తీయాలని సంకల్పం. భీమిలి అంటే ఇవాళ మనకి బీచి, వేయించిన చేపలు, ఆదివారం నాటి మోటారు సైకిళ్ళు. కాని పదిహేడో శతాబ్దంలోనే డచ్చివాళ్ళు అక్కడ వర్తక స్థావరం పెట్టుకున్నారు. మన పెద్దలు వాళ్ళని వలందువాళ్ళు అనేవారు. చివరికి 1825లో ఆ రేవు ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయింది. డచ్చివాళ్ళ సమాధులు మాత్రం ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. ముందు ఆ సమాధుల్ని చూపించి, తరువాతి షాటులో సముద్రం మీద కెమెరాని ఎడమ నుంచి కుడికి మెల్లగా తిప్పుతూ, దూరాన ఆకాశం నీళ్ళని తాకే చోట ఒక డచ్చి ఓడ కనిపించేలా చేయాలి. ఇదీ మా ఊహ.

ఓడ మన దగ్గర లేదు గనక కంప్యూటర్లో కట్టాం. బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. తగరపువలసలో పెళ్ళిళ్ళకి ఫోటోలు తీసే ఒకాయన తన కెమెరాని రెండు రోజులకి ఇచ్చారు. మూడు వారాలు రాత్రుళ్ళు కూర్చుని తెరచాపలతో సహా ఓడ తయారుచేశాం. సెమినార్ హాల్లో ఎనిమిది అడుగుల తెర మీద ఆ బొమ్మ పడినప్పుడు మా గుండెలు దడదడలాడాయి. ఓడ తెర మధ్యలో ఉన్నంతసేపు నిజంగా డచ్చివాళ్ళే వచ్చారా అన్నట్టుంది. కెమెరా తిరిగేకొద్దీ ఓడ తెర అంచుకి చేరింది. చేరుతూ చేరుతూ నీటి మీంచి పైకి లేచిపోయింది! వెనక బెంచీల్లోంచి “ఓడకి రెక్కలొచ్చాయిరోయ్” అని ఒక కేక. ఆ తరువాత చిత్రంలో మేము చెప్పిన చరిత్ర ఎవరి చెవికీ ఎక్కలేదు.

ఇంటికి వెళ్ళాక నాన్నకి లాప్‌టాప్‌లో చూపించాను. నాన్న సినిమా పరిజ్ఞానం ఉన్న మనిషి కాదు. గోస్తని ఒడ్డున రెండెకరాల వరి, ఎగువన కొంచెం సరుగుడు తోట, ఇదే ఆయన లోకం. రెండుసార్లు చూసి అన్నాడు: “ఓడ సంగతి తరవాత. సముద్రమే ఒంగిపోనాదేట్రా?”

నిజమే. మేము మూడు వారాలుగా ఓడనే చూశాం గాని సముద్రాన్ని చూడలేదు. ఆకాశం నీళ్ళని కలిసే గీత తిన్నగా లేదు. మధ్యలో ఉబ్బి, రెండు చివరలా కిందికి వాలి ఉంది. మేము పెట్టిన ఓడ తిన్నని గీత మీద నడిచింది. సముద్రం వంగిన గీత మీద ఉంది. రెండింటికీ పొత్తు కుదరలేదు.

ఈ వంకర గురించి, దాన్ని సరిదిద్దే పద్ధతి గురించి, అంతకంటే ముఖ్యంగా మన చదువులో దానికి దక్కుతున్న చోటు గురించి నా అభిప్రాయం పాఠక మిత్రుల ముందు పెట్టాలని ఈ వ్యాసం.

ముందుగా శాస్త్రం. కటకాల దోషాలు మనందరం చదివినవే. 1850లలో జర్మనీ గణితజ్ఞుడు లుడ్విగ్ సైడెల్ వాటిని అయిదుగా లెక్కకట్టాడు. గోళీయ దోషం, కోమా, ఆస్టిగ్మాటిజం, క్షేత్ర వక్రత, చివరిది డిస్టార్షన్. మొదటి నాలుగూ బొమ్మని అలుకుతాయి, మసకబారుస్తాయి. అయిదోది అలా కాదు. అది బొమ్మని మసక చేయదు, బిందువుల్ని చోటు తప్పిస్తుంది. బొమ్మ ఎంత స్పష్టంగా ఉన్నా వంకరగానే ఉంటుంది. అందుకే అది చాలాసేపు కంటికి చిక్కదు.

కారణం కష్టమైనదేమీ కాదు. కటకం బొమ్మని ఎన్ని రెట్లు చేస్తున్నదీ మధ్యలో ఒకలాగ, అంచుల్లో ఒకలాగ ఉంటే చాలు. అంచులకి పోయేకొద్దీ తగ్గితే చతురస్రం పీపాలాగ ఉబ్బుతుంది. అది బారెల్ డిస్టార్షన్. పెరిగితే చతురస్రం మూలలు బయటికి లాగినట్టు అవుతాయి. అది పిన్‌కుషన్. సామాన్యమైన జూమ్ లెన్సుల్లో ఎక్కువ భాగం విశాలమైన చివర పీపా దోషం చూపిస్తాయి. మేము వాడింది సరిగ్గా అటువంటిదే, అదీ పద్ధెనిమిది మిల్లీమీటర్ల దగ్గర.

దీన్ని ఎవరైనా పరీక్షించవచ్చు. బీచిలో నిలబడి, విశాలంగా చూసే కెమెరాలో సముద్రపు గీతని చట్రం మధ్యకి తెండి. తిన్నగా కనిపిస్తుంది. ఎందుకంటే చట్రం కేంద్రం గుండా పోయే గీతని ఈ దోషం వంచలేదు. కెమెరా కొంచెం కిందికి దించండి. గీత చట్రంలో పైకి పోయి గోపురంలాగ ఉబ్బుతుంది. కెమెరా పైకి ఎత్తండి. అదే గీత కిందికి వచ్చి గిన్నెలాగ వంగుతుంది. సముద్రం ఏమీ మారలేదు. అద్దంలో దాని చోటు మారింది, అంతే.

ఇక లెక్క. కేంద్రం నుంచి ఒక బిందువు దూరం ‘ఆర్’ అనుకుందాం. లెన్సు దాన్ని ‘ఆర్’ ఇంటూ ఒకటి ప్లస్ ‘కె’ ఇంటూ ‘ఆర్’ స్క్వేర్ అనే దూరానికి జరుపుతుంది. ఇంకా సూక్ష్మంగా కావాలంటే ‘ఆర్’ నాలుగో ఘాతం పదం కూడా చేరుస్తారు. పీపా దోషానికి ‘కె’ రుణ సంఖ్య. అంటే జరిగే దూరం ‘ఆర్’ ఘనానికి అనుపాతంలో ఉంటుంది. కేంద్రం నుంచి దూరం రెట్టింపైతే తప్పు ఎనిమిది రెట్లు.

అంకెలు వేసి చూద్దాం. బొమ్మ వెడల్పు 1920 పిక్సెళ్ళు, సగం 960. ఆ సగాన్ని ఒకటి అనుకుని ‘కె’ని మైనస్ 0.05గా తీసుకుంటే, సగం దూరంలో ఉన్న బిందువు 6 పిక్సెళ్ళు జరుగుతుంది. అంచున ఉన్నది 48 పిక్సెళ్ళు జరుగుతుంది. సముద్రపు గీత కేంద్రానికి 270 పిక్సెళ్ళ పైన ఉంటే, చట్రం మధ్యలో అది ఒక్క పిక్సెల్ మాత్రమే కిందికి దిగుతుంది. అంచు దగ్గర దాదాపు 15 పిక్సెళ్ళు దిగుతుంది. మా ఎనిమిది అడుగుల తెర మీద ఈ తేడా ముప్పావు అంగుళం. మూడు వారాల కష్టాన్ని నవ్వులపాలు చేయడానికి ముప్పావు అంగుళం సరిపోయింది.

మా పెదనాన్నగారి అబ్బాయి హైదరాబాదులో ఒక విజువల్ ఎఫెక్ట్స్ కంపెనీలో పనిచేస్తాడు. కెమెరా ఎలా కదిలిందో బొమ్మల్లోంచి వెనక్కి లెక్కగట్టి, కంప్యూటర్లోని కెమెరాని అలాగే కదిలించే పని ఆయనది. మ్యాచ్‌మూవ్ అంటారు. ఫోన్ చేసి మా గోడు చెప్పుకున్నాను. అన్నయ్య అడిగిన మొదటి ప్రశ్న: “గ్రిడ్ తీశారా?”

“గ్రిడ్ అంటే ఏంటన్నయ్యా?”

“సరే, చదువుతున్నది ఫిజిక్సే కదా!” అని నవ్వేశాడు.

అప్పుడు ఆయన చెప్పింది నాకు పాఠ్యపుస్తకం చెప్పలేదు. కంప్యూటర్లోని కెమెరాకి అద్దమే లేదు. అది మనం స్కూల్లో అట్టపెట్టెతో చేసిన సూదిబెజ్జం కెమెరా లాంటిది. దానికి తిన్నని గీత ఎప్పుడూ తిన్నగానే ఉంటుంది. నిజమైన కెమెరాకి నిజమైన అద్దం ఉంది, అద్దానికి వంకర ఉంది. వంకర లేనివాణ్ణి తెచ్చి వంకర ఉన్నవాడి పక్కన నిలబెడితే ఇద్దరికీ కుదరదు. కాబట్టి పని మూడు మెట్లుగా చేయాలి. మొదటి మెట్టు: లెన్సు వంకర ఎంతో కొలిచి, తీసిన బొమ్మకి ఒక ప్రతి చేసి, దాన్ని తిన్నగా చేయాలి. రెండో మెట్టు: ఆ తిన్నని ప్రతి మీద కెమెరా కదలికని లెక్కగట్టి ఓడని నిలబెట్టాలి. ఇంతవరకు ఎవరైనా ఊహించగలరు. మూడో మెట్టు దగ్గరే నాకు ఆశ్చర్యం వేసింది. తిన్నగా ఉన్న ఓడకి అదే వంకర పెట్టి, మొదట తీసిన వంకర బొమ్మలోనే కూర్చోబెట్టాలి.

“అదేంటన్నయ్యా! వంకర తీశాక అలాగే ఉంచెయ్యొచ్చు కదా?” అన్నాను.

కూడదట. కారణాలు రెండు. బొమ్మని ఒకసారి సాగదీస్తే ప్రతి పిక్సెల్‌నీ పక్కవాటితో కలిపి మళ్ళీ లెక్కగట్టాలి. దాంతో పదును కొంత పోతుంది. తిన్నగా చేసి మళ్ళీ వంచితే రెండుసార్లు పోతుంది. రెండోది, ఆ సినిమాలో ఓడ లేని షాట్లు కూడా ఉంటాయి. వాటిలో లెన్సు వంకర అలాగే ఉంటుంది. ఒక్క షాటు తిన్నబడితే పక్క షాట్ల మధ్య అతుకు కనిపిస్తుంది. పైగా ఫలానా లెన్సు కావాలని ఎంచుకున్నవాడు ఛాయాగ్రాహకుడు. ఆయన చూసిన చూపుని దిద్దే అధికారం కంప్యూటర్ ముందు కూర్చున్నవాడికి లేదు. కొత్తగా వచ్చినదే ఉన్నదానికి సర్దుకోవాలి.

ఇంకొక సూక్ష్మం కూడా ఉంది. పీపా దోషం ఉన్న బొమ్మని తిన్నగా చేస్తే అది చట్రం దాటి బయటికి సాగుతుంది. కాబట్టి ఓడ బొమ్మని కూడా చట్రం కంటే కొంచెం పెద్దదిగా తయారుచేయాలి. లేకపోతే తిరిగి వంచేటప్పుడు అంచుల్లో ఖాళీ మిగిలిపోతుంది.

ఇది తెలిశాక మన పాత సినిమాల మీద నా గౌరవం పెరిగింది. 1957లో వచ్చిన మాయాబజార్‌కి ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ. కంప్యూటర్ లేని రోజుల్లో, కెమెరాతోను ఫిల్ముతోను చేసిన ఆ మాయలు ఇప్పటికీ నమ్మకంగా కనిపిస్తాయి. వాళ్ళ ప్రతిభ ఒక కారణం. ఇంకొకటి కూడా ఉందని నాకు తోస్తుంది. ఒకే కెమెరాలో, ఒకే లెన్సుతో, ఒకే ఫిల్ము మీద రెండుసార్లు బొమ్మ పడేటట్టు చేస్తే రెండు సగాలకీ ఒకే వంకర ఉంటుంది. ఇద్దరూ వంకరవాళ్ళే గనక తగువు రాదు. రెండో బొమ్మ అద్దం లేని చోటునుంచి వచ్చినప్పుడే తగువు మొదలైంది.

మన ఏజెన్సీ సంగతి కూడా చెప్పుకోవాలి. 1974లో వచ్చిన అల్లూరి సీతారామరాజు తెలుగులో మొదటి సినిమాస్కోప్ చిత్రం. వి.ఎస్.ఆర్. స్వామి ఛాయాగ్రహణం. చాలా భాగం చింతపల్లి అడవుల్లో తీశారు. సినిమాస్కోప్ లెన్సు దృశ్యాన్ని అడ్డంగా సగానికి నొక్కి ఫిల్ము మీద పట్టేది. థియేటర్లో ఇంకొక లెన్సు దాన్ని రెండింతలు సాగదీసి చూపేది. అంటే తెలిసి తెలిసి ఒక వంకర పెట్టి, దాన్ని అంత లెక్కగానే తీసేయడం. ఎంత వంకరో ఖచ్చితంగా తెలిసినప్పుడు వంకర కూడా పనిముట్టే అవుతుందనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

2012లో రాజమౌళిగారి ఈగ వచ్చింది. కె.కె. సెంథిల్ కుమార్ ఛాయాగ్రహణం. ఒక కంప్యూటర్ ఈగ నిజమైన మనిషితో తలపడుతుంది. ఆ చిత్రానికి జాతీయ పురస్కారాల్లో ఉత్తమ స్పెషల్ ఎఫెక్ట్స్ బహుమతి వచ్చింది. అంత చిన్న ప్రాణి ఒక బల్ల అంచు మీదనో, మనిషి ముక్కు మీదనో వాలినప్పుడు నాలుగు పిక్సెళ్ళు జారితే ఇక అది వాలినట్టు కాదు, పక్కన తేలినట్టు. మనం ఆ ఈగని నమ్మాం. ఈగ బొమ్మ చేసినవాళ్ళతో పాటు అది వాలే చోటు లెక్కగట్టినవాళ్ళకి కూడా అందులో పాలు ఉంది. చివర పడే పేర్ల వరసలో ఆ పేర్లు వచ్చేసరికి మనం సైకిల్ స్టాండులో ఉంటాం.

అన్నయ్య చెప్పిన కష్టం ఒకటి మనసులో నాటుకుంది. చాలాసార్లు ఆయన దగ్గరికి వచ్చే షాట్లకి ఏ లెన్సు వాడారో, ఎంత దూరంలో ఫోకస్ పెట్టారో రాసిన కాగితం ఉండదు. గ్రిడ్ ఉండదు. “కంప్యూటర్లో తరవాత చూసుకుంటారులే” అని షూటింగులో వదిలేస్తారు. ఆ తరువాత ఎవరో ఒకరు రాత్రి రెండింటికి కూర్చుని, వెనక కనిపించే కిటికీ అంచు ఎంత వంగిందో చూసి లెన్సుని ఊహించాలి. అక్కడ పది నిమిషాల బద్ధకం ఇక్కడ మూడు రాత్రుల జాగారం. వ్యవసాయ కుటుంబంలో పుట్టినవాడికి ఈ వరస కొత్త కాదు. పైమడివాడు గండి కట్టకుండా పోతే కిందిమడివాడే గదా రాత్రంతా పారతో నిలబడేది!

సరే, గ్రిడ్ మాటకి వద్దాం. పెద్ద కంపెనీలు నలుపు తెలుపు గళ్ళ బోర్డు వాడతాయి. గళ్ళ బోర్డుని నాలుగైదు కోణాల్లో ఫోటో తీసి లెన్సు గుణాలన్నీ లెక్కగట్టే పద్ధతిని 2000లో జంగ్ జెంగ్‌యూ అనే శాస్త్రజ్ఞుడు ప్రకటించాడు. అంతకంటే పాతది, మనకి దగ్గరగా ఉండేది ఇంకొకటి ఉంది. లెన్సు వంకరకి ఈనాడు వాడే సూత్రాన్ని బ్రౌన్–కాన్రాడీ సూత్రం అంటారు. కాన్రాడీ 1919లోను, అమెరికాలో ఫోటోలతో కొలతలు తీసే విద్యలో నిపుణుడైన డ్యూయేన్ బ్రౌన్ 1966లోను దానికి రూపం ఇచ్చారు. అదే బ్రౌన్ 1971లో ఒక పద్ధతి రాశాడు. దారాలకి బరువు కట్టి వేలాడదీయండి, వాటిని ఫోటో తీయండి. బరువు కట్టిన దారం తిన్నగా ఉండి తీరుతుంది. ఫోటోలో వంగితే ఆ వంపంతా లెన్సుదే. మన మేస్త్రీలు గోడ నిలువు చూడటానికి వేలాడదీసే గుండూ దారమూ తప్ప అందులో ఇంకేం లేదు!

ఇది చదివిన రోజు సాయంత్రమే పశువుల శాల దూలానికి పదకొండు దారాలు కట్టాం. ఒక్కొక్కదానికి ట్రాక్టరు షెడ్డులో ఏరుకొచ్చిన ఇనప బోల్టు. వెనక తెల్ల దుప్పటి. అదే కెమెరా, అదే పద్ధెనిమిది మిల్లీమీటర్లు. గాలికి ఊగకుండా బోల్టుల్ని నీళ్ళ బకెట్లలో ముంచమని సలహా ఇచ్చింది నాన్నే. ఫోటోలో మధ్య దారం తిన్నగా ఉంది. పక్కవి కొద్దిగా ఉబ్బాయి. చివరివి రెండూ విల్లులాగ వంగాయి. నాన్న ఫోటోని, దారాల్ని మార్చి మార్చి చూసి అన్నాడు: “బరువు కట్టినాక దారానికి ఒంకర ఏటుంటాది? ఒంకరంతా నీ అద్దంలోనే ఉన్నాది.”

ఆ ఫోటో నుంచి ‘కె’ విలువ రాబట్టాం. ఓడకి ఆ వంకర పెట్టాం. ఓడ నీటి మీద కూర్చుంది, అంచుదాకా కదలకుండా కూర్చుంది. ఖర్చు ఒక దారపు ఉండ.

ఆ రాత్రి నాన్న ఇంకొక ప్రశ్న అడిగాడు. 2020 డిసెంబరులో మన రాష్ట్రంలో భూముల రీసర్వే మొదలైంది. డ్రోన్లతో పైనుంచి ఫోటోలు తీసి పొలాల హద్దులు గుర్తించే పద్ధతి అందులో ఒక భాగం. “మీ ఓడ జరిగినట్టు ఆ ఫోటోలో మన గట్టు జరిగిపోదా?” ఇదీ ప్రశ్న. నేను దానికి మర్నాటిదాకా జవాబు వెతికాను. కెమెరాలతో భూమిని కొలిచేవాళ్ళు లెన్సు వంకరని మొదటే లెక్కలోంచి తీసేస్తారు. ఒక చోటుని అనేక ఫోటోల్లో పట్టుకుంటారు. నేల మీద ముందే కొలిచిన గుర్తులతో సరిచూస్తారు. మిట్టపల్లాల తేడా కూడా తీసేశాకే ఆ బొమ్మ పటం అవుతుంది. నిజానికి బ్రౌన్ వంటివాళ్ళు ఈ విద్యని పెంచింది సినిమా కోసం కాదు, కొలతల కోసమే. సినిమావాళ్ళు తరవాత దాన్ని అరువు తెచ్చుకున్నారు.

అయితే ఒక ముఖ్యమైన భేదం ఉంది. సినిమాలో తీసిన వంకరని తిరిగి పెట్టాలి, ఎందుకంటే అక్కడ కెమెరా చూసిందే సత్యం. పొలం పటంలో తీసిన వంకరని మళ్ళీ పెట్టకూడదు, ఎందుకంటే అక్కడ నేల మీద ఉన్నదే సత్యం. లెక్క ఒకటే, న్యాయాలు రెండు. ఏది దేనికి వర్తిస్తుందో తెలియనివాడి చేతిలో లెక్క పెడితే ఓడ గాల్లో ఎగురుతుంది, గట్టు పక్కవాడి మడిలోకి నడుస్తుంది. లెన్సు దోషం తీసేసినంత మాత్రాన కాగితాల్లో పేరు దోషం పోదు, అది వేరే తగువు అని కూడా నాన్నకి చెప్పాను. ఆ సంగతి నాకంటే ఆయనకే బాగా తెలుసు.

ఇక మన చదువు విషయం. డిస్టార్షన్ అనే పాఠం ఆప్టిక్స్ పేపరులో ఉంది. ఎంత ఉంది? అరపేజీ. ఒక పీపా బొమ్మ, ఒక పిన్‌కుషన్ బొమ్మ, ఆరు వాక్యాలు. పరీక్షలో వస్తే రాస్తాం, రాకపోతే మరిచిపోతాం. నేను ఆ ప్రశ్న రాసి పూర్తి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే! అయినా మూడు వారాలు వంగిన సముద్రాన్ని చూస్తూ దాన్ని గుర్తుపట్టలేకపోయాను. దీనికి లెక్చరర్లని నిందించడం నా ఉద్దేశం కాదు. మార్కులొచ్చాక మళ్ళీ ఆ పేజీ తిప్పనివాణ్ణి నేను. కాని అరపేజీని కంటికి చూపించే ప్రాక్టికల్ ఒక్కటుంటే నా పరిస్థితి వేరుగా ఉండేదని మనవి చేయక తప్పదు.

నా అభిప్రాయానికి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. మొదటిది, “ఇప్పుడు సాఫ్ట్‌వేరే ఒక్క మీట నొక్కితే సరిచేస్తుంది, మన ఫోన్లు కూడా తమంతట తామే చేస్తున్నాయి, నేర్చుకోవడం ఎందుకు?” అని. సాఫ్ట్‌వేర్ వంకరని ఊహించాలంటే బొమ్మలో తిన్నగా ఉండవలసినది ఏదో ఒకటి కనబడాలి. అలలు, ఇసక, వరిచేను ఉన్న బొమ్మలో దానికి ఆధారం ఏముంది? ఇక ఫోన్ చాలాసార్లు మనకి చెప్పకుండానే దిద్దేసి ఇస్తుంది. అది తెలియక మళ్ళీ దిద్దితే కొత్త వంకర పుడుతుంది. మీట నొక్కడం తప్పు కాదు. మీట ఏం చేసిందో కనిపెట్టగలగాలి.

ఇంకొక పొరపాటు కూడా ఇక్కడే చెప్తాను. ప్రతి సాగుడూ లెన్సు వంకర కాదు. విశాలమైన లెన్సుతో తీసిన గ్రూప్ ఫోటోలో చివర నిలబడ్డవాళ్ళు లావుగా కనిపిస్తారు. వెనక గోడ గీతలు మాత్రం తిన్నగానే ఉంటాయి. అది గుండ్రని లోకాన్ని చదునైన బొమ్మగా పరచడం వల్ల వచ్చేది. గీతల్ని తిన్నగా ఉంచితే ముఖాలు సాగుతాయి, ముఖాల్ని కాపాడితే గీతలు వంగుతాయి. రెండూ ఒకేసారి దక్కవు. కాబట్టి కుర్చీల వరస చివర నిలబడ్డ మన యూనియన్ సభ్యులు ఫోటోగ్రాఫర్‌ని తిట్టుకోవద్దని మనవి!

రెండో అభ్యంతరం, “ప్రేక్షకుడు పదిహేను పిక్సెళ్ళు చూస్తాడా?” అని. దీనికి జవాబు మా సెమినార్ హాల్లోనే దొరికింది. వెనక బెంచీ కుర్రాడికి సైడెల్ పేరు తెలియదు. కాని ఓడకి రెక్కలు రావడం తెలిసింది. దోషం పేరు చెప్పలేకపోయినా దోషం ఉందని చెప్పగలిగేవాడే ప్రేక్షకుడు. నాన్న అయితే ఓడని దాటి సముద్రం దాకా వెళ్ళాడు. ఏటా సరుగుడు మొక్కల వరసకి తాడు పట్టే మనిషి గనక.

మూడోది, “ల్యాబుకి డబ్బు లేదు” అని. పదకొండు దారాలు, పదకొండు బోల్టులు, ఎవరో ఒకరి జేబులో ఉండే ఫోను. ఒక ప్రాక్టికల్ తరగతికి ఇవి చాలు. ఒక్కొక్క విద్యార్థి తన ఫోను లెన్సుకి ‘కె’ విలువ కట్టుకుని ఇంటికి వెళ్తాడు. ఆ సంఖ్య అతనిది, గైడులో దొరకదు.

కాబట్టి నా మనవి మూడు మాటల్లో. అధ్యాపకులు ఆప్టిక్స్ ప్రాక్టికల్స్‌లో ఈ దారాల ప్రయోగానికి ఒక్క పూట ఇవ్వాలి. విద్యార్థి సంఘం నాటకాల సామాను కొన్నట్టే ఒక గళ్ళ బోర్డు కూడా కొని, చిత్రాలు తీసే విద్యార్థులకి అందుబాటులో ఉంచాలి. ఇక కెమెరా పట్టుకునే మిత్రులు షూటింగ్ చివర పది నిమిషాలు ఆగి గ్రిడ్ తీసి, ఏ లెన్సో, ఎన్ని మిల్లీమీటర్లో ఒక కాగితం మీద రాయాలి. రేపు హైదరాబాదులో ఏ అన్నయ్యో రాత్రి రెండింటిదాకా మేలుకోకుండా ఉంటాడు.

ఆ దారాలు ఇంకా మా పశువుల శాలలోనే వేలాడుతున్నాయి. బోల్టులు వెనక్కి ఇమ్మని ట్రాక్టరు షెడ్డు ఆయన రెండుసార్లు కబురు పెట్టాడు. ఇంకో నాలుగు కెమెరాలు కొలిచేదాకా ఉంచమని నాన్న చెప్పి పంపాడు. ఎవరికైనా తమ లెన్సు వంకర చూసుకోవాలని ఉంటే తగరపువలస వచ్చి ఏ ఆదివారమైనా మా ఇంటికి రావచ్చు. బకెట్లలో నీళ్ళు మాత్రం మీరే పోసుకోవాలి.